చెప్పిన రోజే లెక్క: ఇంజనీర్ల ప్రొఫెషనల్ లయబిలిటీ ఇన్సూరెన్స్

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్ళకి వినబడుతోందా? సరే. ఇన్సూరెన్స్ మీద ప్రసంగం అనగానే సగం మంది ఫోన్లు తీస్తారని నాకు తెలుసు. తీయండి, పర్లేదు. ఆ ఫోన్లోనే మీ పాలసీ కాపీ ఉంటే అది తెరవండి. ఎంతమంది దగ్గర ఉంది? ఐదు చేతులు... ఆరు. మరి ప్రీమియం కడుతున్నవాళ్ళు ఎంతమంది? అదిగో, సగం హాలు లేచింది. అంటే కొన్నారు, చదవలేదు. నేనూ అంతే. పదిహేడేళ్ళు కట్టాను, ఒక్క పేజీ తిప్పలేదు. నాచేత ఆ పేజీలు తిప్పించిన సంగతి ముందు చెప్తాను.

ఒక భవనానికి నేను స్ట్రక్చరల్ డిజైన్ చేశాను. పనంతా పూర్తయ్యాక, రెండేళ్ళకి, యజమాని తరఫు మేనేజరు ఈమెయిల్ పెట్టాడు. "సార్, బేస్‌మెంట్ గోడలో సన్నటి పగులు కనబడుతోంది. కొంచెం తడి కూడా వస్తోంది. వీలున్నప్పుడు ఒకసారి చూసిపొండి." ఎంత మర్యాదగా రాశాడు! నేనూ అంతే మర్యాదగా వెళ్ళాను, చూశాను, వచ్చి రెండు లైన్ల జవాబు పెట్టాను. "చూశాను. క్రాక్ విడ్త్ విషయంలో మేము ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాల్సింది. ఏదో ఒకటి చేద్దాం, కంగారు పడకండి." అంతే. ఆ సంగతి మర్చిపోయాను.

పదకొండు నెలల తర్వాత లాయరు నోటీసు వచ్చింది. దానికి జతచేసిన మొదటి కాగితం ఏమిటో ఊహించగలరా? నా ఈమెయిలే. సరే, ఇన్సూరెన్స్ ఉంది కదా అని పాలసీ నంబరు వెతికి ఫోన్ చేశాను. వాళ్ళు మూడు మాటలు అన్నారు. ఒకటి, ఈ పగులు సంగతి మీకు పోయిన పాలసీ ఏడాదిలోనే తెలుసు, మాకు చెప్పలేదు. రెండు, రెన్యువల్ ఫారంలో "క్లెయిమ్‌కి దారితీసే పరిస్థితి ఏదైనా మీ దృష్టికి వచ్చిందా" అన్న ప్రశ్నకి "లేదు" అని టిక్ పెట్టారు. మూడు, మమ్మల్ని అడక్కుండా తప్పు ఒప్పుకున్నారు. చాలా వాదనల తర్వాత సగం వాళ్ళు, సగం నేను. నా సగం తీర్చడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఇందులో నా డిజైన్ తప్పా ఒప్పా అన్న ప్రశ్న అసలు వచ్చిందా? రాలేదు. మూడు అభ్యంతరాల్లో ఒక్కటి కూడా లెక్కల గురించి కాదు. ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు చెప్పావు, ఎవరికి ఏమని చెప్పావు. నేను ఈవేళ మీకు చెప్పబోయేదంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ పాలసీ దేనికో చూద్దాం. సైట్లో ఎవరో జారి పడితే అది జనరల్ లయబిలిటీ. కట్టినది కాలితే, కూలితే యజమానికి ప్రాపర్టీ పాలసీ ఉంటుంది. (ప్రాపర్టీ పాలసీ అంటే గుర్తొచ్చింది. 1940లో టకోమా నారోస్ వంతెన గాలికి ఊగి ఊగి కూలిపోయింది కదా, ఆ వీడియో చూడని ఇంజనీరు ఉండడు. ఆ వంతెన మీద ఉన్న పాలసీల్లో ఒకటి 8 లక్షల డాలర్లది. దాని ఏజెంటు, ఇంత వంతెన ఎక్కడ కూలుతుందిలే అని, ప్రీమియం కంపెనీకి పంపకుండా జేబులో వేసుకున్నాడు. వంతెన నాలుగు నెలలకే కూలింది. ఆయన జైలుకి వెళ్ళాడు.) మనం మాట్లాడుకునే ప్రొఫెషనల్ లయబిలిటీ, కొన్నిచోట్ల ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అంటారు, అది మన బుర్రలోంచి వచ్చిన సరుక్కి. డ్రాయింగు, లెక్క, స్పెసిఫికేషన్, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, ఫోన్లో చెప్పిన సలహా కూడా. దాని వల్ల ఎవరికైనా నష్టం వచ్చి, అది మన నిర్లక్ష్యం అని వాళ్ళు అంటే, ఆ నష్టం, దానితో పాటు మన తరఫున పోరాడే లాయర్ల ఖర్చు.

నిర్లక్ష్యం అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. తప్పు జరిగిన ప్రతిచోటా నిర్లక్ష్యం ఉండదు. 1957లో ఇంగ్లండులో బోలం కేసు వచ్చింది. అది డాక్టర్ల కేసు, మనది కాదు. కానీ అక్కడ జడ్జి జ్యూరీకి చెప్పిన కొలత అన్ని వృత్తులకీ పాకింది. ఆ వృత్తిలో మామూలు నైపుణ్యం ఉన్న మనిషి ఎంత జాగ్రత్త తీసుకుంటాడో అంత తీసుకున్నావా? అదొక్కటే ప్రశ్న. ప్రపంచంలో అందరికంటే గొప్ప ఇంజనీరు ఏం చేసేవాడు అని అడగరు. ఫలితం బాగా వచ్చిందా అని కూడా అడగరు. డాక్టరు రోగి తప్పకుండా బతుకుతాడని హామీ ఇవ్వడు కదా, అలాగే మనమూ ఇవ్వం. కాంట్రాక్టుల్లో దీన్నే "రీజనబుల్ స్కిల్ అండ్ కేర్" అని రాస్తారు. మన పాలసీ కూడా ఈ పునాది మీదే లేచింది.

అయితే మనమే సంతకం పెట్టి ఈ పునాదిని తవ్వేసుకుంటాం. ఎలాగంటారా? స్కాట్లండుకీ ఇంగ్లండుకీ మధ్య సాల్వే ఫర్త్ అనే సముద్రపు పాయలో రాబిన్ రిగ్ అని గాలిమరల క్షేత్రం ఉంది. 60 టర్బైన్ల పునాదుల డిజైను, నిర్మాణం ఎంటీ హోయ్‌గార్డ్ అనే కాంట్రాక్టరుది. వాళ్ళు అంతర్జాతీయంగా అందరూ వాడే జే101 అన్న స్టాండర్డ్ తీసుకుని, దాని ప్రకారమే డిజైన్ చేశారు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ స్టాండర్డ్‌లోనే తప్పు ఉంది. ఒక సమీకరణంలో వేయమన్న విలువ దాదాపు పది రెట్లు తేడా. పైపుకీ పైన కూర్చునే భాగానికీ మధ్య గ్రౌట్ జాయింటు, అంటే సిమెంటు లాంటి ముద్ద నింపి కలిపిన అతుకు, మోయగల బరువు ఉన్నదానికంటే చాలా ఎక్కువగా లెక్కకి వచ్చింది. ఆ జాయింట్లు జారడం మొదలుపెట్టాయి. మరమ్మతుకి 2 కోట్ల 62 లక్షల యూరోలు.

ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది? స్టాండర్డ్ రాసినవాళ్ళది అంటారు. నేనూ అదే అనేవాణ్ణి. కాంట్రాక్టరు నిర్లక్ష్యం లేదనే కోర్టు కూడా చెప్పింది. కానీ కాంట్రాక్టు అడుగున ఎక్కడో, టెక్నికల్ రిక్వైర్‌మెంట్స్‌లో, ఒక వాక్యం ఉంది: పునాదుల డిజైన్ 20 ఏళ్ళ జీవితకాలాన్ని అన్ని విధాలా నిలబెట్టాలి అని. 2017 ఆగస్టులో యూకే సుప్రీంకోర్టు ఆ ఒక్క వాక్యం పట్టుకుని, హామీ ఇచ్చావు కాబట్టి ఖర్చు నీదే అంది. వందల పేజీల్లో "జాగ్రత్తగా చేస్తాం" అని ఉన్నా, ఒక్క చోట "నిలబడుతుంది" అని ఉంటే, గెలిచేది ఆ "నిలబడుతుంది"యే.

మన పాలసీకీ దీనికీ ఏం సంబంధం? చాలా ఉంది. మామూలు ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీలో, మీరు కాంట్రాక్టు ద్వారా అదనంగా నెత్తిన వేసుకున్న బాధ్యతకి కవర్ ఉండదు. హామీలు, గ్యారంటీలు, ఆలస్యానికి ముందే ఒప్పుకున్న జరిమానాలు, ఇవన్నీ బయటే. అంటే నిర్లక్ష్యం ఉంటే ఇన్సూరెన్స్ కడుతుంది, నిర్లక్ష్యం లేకుండా హామీ తప్పితే మీరు కట్టుకోవాలి. వినడానికి తలకిందులుగా ఉంది కదూ? కానీ అంతే. అందుకని కాంట్రాక్టులో "ఉన్నతమైన ప్రమాణాలతో", "ఎలాంటి లోపం లేకుండా", "ఉద్దేశించిన ప్రయోజనానికి సరిపోయేలా" వంటి మాటలు కనబడితే సంతకానికి ముందే ఆ పేజీ బ్రోకరుకి పంపండి. క్లయింటుకి నొప్పి తగలకుండా చెప్పడం కూడా సులువే. "ఈ మాట ఉంటే నా పాలసీ పనిచేయదు, పాలసీ పనిచేయకపోతే రేపు మీకు డబ్బు వచ్చే దారి ఉండదు" అనండి. పదిమందిలో ఏడుగురు మార్చేస్తారు, నా అనుభవంలో. మిగతా ముగ్గురి దగ్గర పని ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ గుండె ధైర్యం.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ పాలసీలు దాదాపు అన్నీ "క్లెయిమ్స్ మేడ్" పద్ధతిలో ఉంటాయి. మోటారు పాలసీలా అనుకుంటే మునిగిపోతాం. కారు గుద్దిన రోజున ఏ పాలసీ ఉందో అదే చూస్తుంది, పదేళ్ళ తర్వాత కేసు వేసినా సరే. మన పాలసీలో డిజైన్ చేసిన రోజున ఏ పాలసీ ఉందో ఎవరికీ అక్కర్లేదు. క్లెయిమ్ మీ మీదకి వచ్చి, మీరు కంపెనీకి తెలియజేసిన రోజున నడుస్తున్న పాలసీ ఏదో అదే పలుకుతుంది. 2015లో డిజైన్ చేశారు, 2024లో పగిలింది, నోటీసు 2025లో వచ్చింది. పలికేది 2025 పాలసీ. 2023లో డబ్బు సరిపోక మానేశారా? 2015 పాలసీ ఎంత గట్టిదైనా అది పాత క్యాలెండరే.

ఎందుకిలా పెట్టారు? మన తప్పులు మెల్లగా బయటపడతాయి కాబట్టి. ఇంగ్లండులోనే పిరెల్లీ కేసు ఉంది. 1969లో ఫ్యాక్టరీకి చిమ్నీ కట్టారు. లోపలి పొరకి వాడిన పదార్థం వేడికి పనికిరాదు. 1970 ఏప్రిల్ నాటికే పైభాగంలో పగుళ్ళు వచ్చాయి. అంత ఎత్తులో ఎవరు చూస్తారు? 1977 నవంబరులో చూశారు. 1978లో డిజైన్ చేసిన కన్సల్టింగ్ ఇంజనీర్ల మీద కేసు. అది అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. పగులు వచ్చిన రోజు నుంచే ఆరేళ్ళ గడువు లెక్క, చూసిన రోజు నుంచి కాదు అని ఇంజనీర్లు బయటపడ్డారు. మనకి బాగానే ఉంది, యజమానికి అన్యాయం కాదూ? తనకి తెలియకుండానే గడువు దాటిపోయింది! అందుకే 1986లో చట్టం మార్చి, తెలిసిన దగ్గర్నుంచి మూడేళ్ళు, మొత్తం మీద పదిహేనేళ్ళు దాటకుండా అని పెట్టారు. ఫ్రాన్సులో అయితే 1804 నాటి సివిల్ కోడ్ నుంచే పదేళ్ళ బాధ్యత ఉంది, 1978 నుంచి దానికి ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఏ దేశమైనా సంగతి ఒకటే. మీరు పని మర్చిపోయాక కూడా పని మిమ్మల్ని మర్చిపోదు.

దీన్నుంచి మూడు సంగతులు పుడతాయి. పాలసీలో "రెట్రోయాక్టివ్ డేట్" అని ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందు చేసిన పనికి కవర్ లేదు. కంపెనీ మారుస్తున్నప్పుడు, ప్రీమియం తక్కువని ఎగిరి గంతేసే ముందు, ఆ తేదీ పాతదే ఉందా, కొత్త పాలసీ మొదలయ్యే రోజుకి జరిపేశారా చూడండి. జరిపితే మీ పాత పనంతా ఒక్క సంతకంతో వీధిలో పడ్డట్టే. రెండోది, రిటైర్ అయితే, ఫర్మ్ మూసేస్తే, "రన్ ఆఫ్" కవర్, అంటే పాత పని మీద వచ్చే క్లెయిమ్‌లకి మాత్రమే నడిచే కవర్, తీసుకోవాలి. కొత్త పని లేదు కాబట్టి రిస్కు ఏటేటా తగ్గుతుంది, కానీ పాత పని మాత్రం నిలబడే ఉంటుంది, దాని పక్కనే మీ బాధ్యతా నిలబడి ఉంటుంది.

మూడోది చాలామందికి తట్టదు. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడింది. 72 మంది చనిపోయారు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు అక్కడ పాలసీల్లో ఫైర్ సేఫ్టీ, బయటి గోడల క్లాడింగ్ (పైన తొడిగే పలకలు) మీద ఎక్స్‌క్లూజన్లు, అంటే వీటికి కవర్ లేదనే షరతులు, పెట్టడం మొదలుపెట్టాయి. క్లెయిమ్స్ మేడ్ లెక్కలో దాని అర్థం ఏమిటి? ఈ ఏడాది పెట్టిన ఎక్స్‌క్లూజన్, మీరు పదేళ్ళ క్రితం చేసిన పనికి కూడా వర్తిస్తుంది. ఆ రోజు పూర్తి కవర్‌తో చేశారు, పని మారలేదు, కాగితం మారింది. కాబట్టి రెన్యువల్‌లో కొత్త ఎక్స్‌క్లూజన్ వస్తోందని తెలిస్తే, పాత ఫైళ్ళలో దానికి సంబంధించి మీకు నిజంగా అనుమానం ఉన్నవన్నీ పాత పాలసీ ముగిసేలోపే తెలియజేయండి. అలా తెలియజేసిన పరిస్థితి నుంచి రేపు క్లెయిమ్ పుడితే, దాన్ని పాత పాలసీకే కట్టేస్తారు. చాలా పాలసీల్లో ఈ క్లాజు ఉంటుంది. నా బేస్‌మెంట్ పగులు విషయంలో నేను చేయాల్సింది ఇదే. ఒక్క ఈమెయిల్ పని.

"పరిస్థితి" అంటే ఏది అని అడుగుతారు. క్లయింటు కోపంగా ఉండటమా? ఫీజు ఆపేయడమా? నా కొలత చెప్తాను, లాయరు కొలత వేరే ఉండొచ్చు. ఫోన్ పెట్టేశాక కడుపులో చల్లగా అనిపించిందా? అది పరిస్థితి. రాయండి. మహా అయితే కంపెనీ వాళ్ళు "నోట్ చేసుకున్నాం" అని జవాబు పెడతారు.

ప్రీమియం పెరుగుతుందేమో అనే భయం ఉంటుంది. నిజమే, పెరగొచ్చు కూడా. కానీ ఒక కథ వినండి. న్యూయార్క్‌లో సిటీకార్ప్ సెంటర్, 59 అంతస్తులు. స్తంభాలు మూలల్లో కాకుండా నాలుగు పక్కల మధ్యలో ఉంటాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు విలియం లెమెసూరియర్. 1978లో, భవనం అప్పటికే వాడకంలో ఉండగా, ఒక విద్యార్థి ప్రశ్న వల్ల మళ్ళీ లెక్కలు తీశాడు. గాలి నేరుగా కాకుండా మూల మీదుగా కొడితే కొన్ని బ్రేసుల్లో, అంటే గాలిని తట్టుకునే ఏటవాలు దూలాల్లో, ఒత్తిడి 40 శాతం పెరుగుతోంది. జాయింట్లలో అయితే 160 శాతం. పైగా వెల్డింగ్ చేయాల్సిన ఆ జాయింట్లు ఖర్చు తగ్గుతుందని బోల్టులతో బిగించారని అంతకుముందే తెలిసింది. ఆయన లెక్కలో, పదహారేళ్ళకోసారి వచ్చేటంత తుఫాను చాలు కూలడానికి.

మీరైతే ఏం చేసేవారు? నిజాయితీగా చెప్పండి, పక్కవాళ్ళకి చెప్పక్కర్లేదు, మీలో మీరే చెప్పుకోండి. ఆయన, భవనం యజమాని అయిన సిటీకార్ప్ బ్యాంకు వాళ్ళ దగ్గరికి వెళ్ళేలోపే తన ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్లకి చెప్పాడు. తర్వాత బ్యాంకుకి చెప్పాడు. రాత్రుళ్ళు వెల్డింగ్ చేయించి, మూడు నెలల్లోపు జాయింట్లన్నీ బలపరిచారు. ఖర్చు చాలా అయింది, కానీ బ్యాంకు ఆయన పాలసీ ఇవ్వగల 20 లక్షల డాలర్లతో సరిపెట్టుకుంది. ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు ప్రీమియం పెంచుదామని కూర్చున్నారు. ఆయన తరఫు వాళ్ళు అడిగారు: ఇన్సూరెన్స్ చరిత్రలోకెల్లా పెద్ద ప్రమాదాన్ని ఆపిన మనిషికి పెంచుతారా అని. ప్రీమియం తగ్గించారు! భవనంలో, చుట్టుపక్కల ఉన్న జనానికి మాత్రం పదిహేడేళ్ళ దాకా ఏమీ చెప్పలేదు. అది నాకు అస్సలు నచ్చదు. దాని మీద మాట్లాడితే ఇంకో సాయంత్రం కావాలి.

చెప్పకపోవడం సంగతి పక్కన పెడితే, చూడకపోవడం ఒకటుంది. 1981 జూలై 17, అమెరికాలో కాన్సాస్ సిటీ, హయత్ రీజెన్సీ హోటల్. లాబీలో వేలాడే నడక వంతెనలు, ఒకదాని కింద ఒకటి. మొదటి డిజైన్‌లో కప్పు నుంచి ఒకే పొడుగాటి రాడ్ రెండింటినీ మోస్తుంది. ఆ ఉక్కు భాగాలు తయారుచేసే ఫ్యాబ్రికేటరు అది కుదరదని రెండు రాడ్లుగా విరిచాడు. పై వంతెన కప్పుకి, కింది వంతెన పై వంతెనకి. ఒకే తాడు పట్టుకుని ఇద్దరు వేలాడితే ఎవరి చేతుల మీద వాళ్ళ బరువే. కిందివాడు తాడు వదిలేసి పైవాడి నడుం పట్టుకుంటే? తాడు మీద బరువు అదే, పైవాడి చేతుల మీద రెట్టింపు. ఆ మార్పు ఉన్న షాప్ డ్రాయింగుల (తయారీకి వాడే డ్రాయింగుల) మీద ఇంజనీరు ఆఫీసు ముద్ర పడింది. 114 మంది చనిపోయారు. కనెక్షన్ డిజైను ఫ్యాబ్రికేటరు చూసుకుంటాడనుకున్నాం అన్న వాదన నిలబడలేదు. ఇద్దరు ఇంజనీర్ల లైసెన్సులు మిస్సోరీ బోర్డు రద్దు చేసింది. ఇన్సూరెన్స్ నష్టపరిహారం కట్టగలదు, కొన్ని పాలసీలు విచారణలో లాయరు ఖర్చు కూడా ఇస్తాయి. లైసెన్సు తెచ్చివ్వదు.

టైమ్ చూస్తున్నారు, నాకూ కనబడుతోంది. లిమిట్ గురించి, అంటే కంపెనీ కట్టే గరిష్ఠ మొత్తం గురించి, గబగబా చెప్పేస్తాను. లిమిట్ ఒక్కో క్లెయిమ్‌కా, ఏడాది మొత్తానికా చూడండి. లాయరు ఖర్చు లిమిట్ లోపలా, బయటా చూడండి. లిమిట్ 100 అనుకుంటే, లోపలైతే లాయర్లూ ఎక్స్‌పర్టులూ 35 తినేస్తే నష్టానికి మిగిలేది 65. మీ జేబులోంచి ముందు కట్టాల్సిన ఎక్సెస్ ఎంతో చూడండి. సాయిల్ రిపోర్టు లాంటివి మీ కింద ఇంకొకరి చేత చేయిస్తే, క్లయింటుకి జవాబుదారీ మీరే, అందుకని వాళ్ళ పాలసీ కాపీ ఏటా అడిగి ఫైల్లో పెట్టుకోండి.

ప్రశ్నలా? ఆ అబ్బాయి ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తుతున్నాడు. చెప్పు బాబూ... మంచి ప్రశ్న. వినబడని వాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను: స్నేహితుడి ఇంటికి ఫీజు లేకుండా బీమ్ సైజు చెప్తే, దానికీ బాధ్యత ఉంటుందా?

ఉంటుంది. ఇంగ్లండులో ఒక ఆర్కిటెక్టు స్నేహితుల తోట పనికి ఉచితంగా సాయం చేసింది. కాంట్రాక్టు లేదు. గొడవ వచ్చింది. డబ్బు తీసుకోకపోయినా, చేసిన పని జాగ్రత్తగా చేయాల్సిన బాధ్యత ఉంటుందని 2017లో అప్పీలు కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది విచారణలో ఆమె నిర్లక్ష్యం ఏమీ లేదని తేలి గెలిచింది. గెలిచేసరికి తోట పని మొదలై ఐదేళ్ళు, స్నేహం ఎప్పుడో పోయింది. అందుకని సాయం చేయొద్దు అనను. ఆఫీసులో మామూలు పనిలాగే జాబ్ నంబరు ఇవ్వు, ఫీజు సున్నా అని రాయి, ఏం చూశావో ఏం చూడలేదో ఒక పేజీ రాసి అతనికి పంపు. పాలసీ కవర్ చేసేది నీ ఫర్మ్ చేసిన పనిని. ఆదివారం టీ తాగుతూ టిష్యూ పేపర్ మీద గీసిన బీమ్ నీ ఫర్మ్ పనే అని కంపెనీ ఒప్పుకోవాలంటే, ఆ జాబ్ నంబరు ఉండాలి. ఇంకెవరండీ? అటు చివర మేడమ్, మీరు.